ఏసీలో గ్యాస్ మారింది, రిపేరు పద్ధతి ఇంకా మారలేదు

కర్నూలులో మార్చి నడిమికే ఎండలు మాడ్చడం మొదలవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఏసీ మెకానిక్‌ల ఫోన్లకు తీరిక ఉండదు. ఏ పేట నుంచి ఎవరు ఫోన్ చేసినా చెప్పే మాట ఒకటే: "కూలింగ్ రావట్లేదన్నా, గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి కొట్టి పో." అది ఏ గ్యాసో చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ తక్కువే. పదిహేనేళ్ల కిందట ఆ ప్రశ్నతో పెద్దగా పని కూడా పడేది కాదు, ఎందుకంటే ఇళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ ఆర్-22 ఏసీలే, ఆ గ్యాస్ మామూలుగా అంటుకోదు. ఇప్పుడు షాపులో కొనే స్ప్లిట్ ఏసీల్లో చాలావాటిలో ఆర్-32 ఉంటోంది, కొన్నింట్లో ఆర్-290 ఉంటోంది, ఇంట్లో ఫ్రిజ్ అయితే ఆర్-600ఏ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. ఈ మూడూ మండే గ్యాసులే.

ఎందుకు మారాయో క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బ తీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని మెల్లమెల్లగా పక్కన పెడుతూ వచ్చారు. దాని చోట వచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు, కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 2,000 రెట్ల పైమాటే. అలాంటివాటిని కూడా తగ్గించాలని 2016లో కిగాలీలో తీర్మానించారు, మన దేశం 2021లో దానికి ఆమోదం తెలిపింది. ఆ లెక్కలో ఆర్-32 675 దగ్గర ఉంటుంది, ఆర్-290 అయితే 3 కూడా దాటదు. మన మార్కెట్లో గోద్రెజ్ 2012లోనే ఆర్-290 ఏసీలు తెచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పాత గ్యాసులు ఏళ్ల తరబడి గాలిలో విరిగిపోకుండా మిగిలిపోయేవి, అందుకే వాతావరణానికి చేటు చేశాయి, అందుకే మంటకు కూడా లొంగలేదు. కొత్తవి గాలిలో త్వరగా విరిగిపోతాయి, అదే గుణంతో నిప్పు తగిలితే అంటుకుంటాయి కూడా. అంటే మండే గుణం ఎవరో పొరపాటున తెచ్చిపెట్టింది కాదు, వాతావరణానికి మేలు చేసే గుణంతో పాటే వచ్చింది. దానితో జాగ్రత్తగా పని చేయడం నేర్చుకోక తప్పదు.

మండేవాటిలో మళ్లీ తేడాలున్నాయి. ఆర్-22, ఆర్-410ఏ లాంటివి ఏ1 తరగతి, అంటే మామూలుగా అంటుకోనివి. ఆర్-32ది ఏ2ఎల్, అంటే మండుతుంది గానీ నెమ్మదిగా. గాలిలో అది 14 శాతం దాటితే తప్ప అంటుకోదు, అంటుకున్నా మంట సెకనుకు 6.7 సెంటీమీటర్ల వేగంతోనే పాకుతుంది. ఆర్-290 సంగతి వేరు. అది అచ్చంగా ప్రొపేన్, మన వంటింటి సిలిండర్లో ఉండే గ్యాస్ కుటుంబమే. దాని తరగతి ఏ3. గాలిలో 2.1 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది, మంట కూడా ఆర్-32 కంటే ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది.

ఈ శాతాలు కాగితం మీద చిన్నగా కనిపిస్తాయి కాబట్టి ఒక గదిలో పెట్టి చూద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న మామూలు పడకగది. అందులో ఆర్-290 ఏసీ ఉంది, చార్జ్, అంటే లోపల నింపిన గ్యాస్, 300 గ్రాములు అనుకుందాం. మొత్తం కారిపోతే దాదాపు 170 లీటర్ల గ్యాస్ అవుతుంది. గది గాలి అంతటా సమానంగా కలిస్తే అది 0.6 శాతమే, అంటుకునే హద్దుకు చాలా దూరం. సమస్య ఏంటంటే అది సమానంగా కలవదు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. తలుపులు, కిటికీలు మూసి ఉంటే, ఫ్యాన్ ఆగి ఉంటే, అది గోడ వెంట జారి బేతంచెర్ల నాపరాళ్ల మీద చల్లగా పరుచుకుంటుంది. ఆ 170 లీటర్లూ కింది గాలిలోనే కలిసి సరిగ్గా 2.1 శాతం దగ్గర ఆగితే, గది మొత్తం నేల మీద దాదాపు మూడు అడుగుల ఎత్తున మండే గాలి నిలుస్తుంది. అంటే మంచం పైదాకా. అదే గదిలో ఆర్-32 ఏసీ నుంచి 800 గ్రాములు కారినా, మండే పొర ఒక అడుగు మాత్రమే. రెండింటికీ మధ్య తేడా అంత ఉంది. ఏ సైజు గదికి ఎంత చార్జ్ దాటకూడదో కంపెనీలు లెక్క కట్టి మరీ అమ్మేది ఇందుకే. ఆ లెక్క చూడకుండా చిన్న గదిలో పెద్ద ఏసీ బిగిస్తే రేపు రిపేరుకు వచ్చినవాడి ప్రాణానికి కూడా ముప్పే.

ఇంకొకటి, ముక్కును నమ్ముకోకూడదు. వంటగ్యాస్ లీకైతే ఆ చెడు వాసనకు ఇంటిల్లిపాదీ లేస్తారు, కానీ ఆ వాసన గ్యాస్‌ది కాదు, లీకు తెలియాలని కావాలని కలిపింది. ఏసీలో పోసే ఆర్-290లో అలాంటిది కలపరు. మోకాళ్ల దాకా నిండినా ఏమీ తెలియదు. అందుకే చేతిలో డిటెక్టర్ ఉండాలి, అది మండే గ్యాసులను పట్టేది అయి ఉండాలి, దాన్ని నేలకు దగ్గరగా పెట్టి చూడాలి. ఆర్-22 కోసం కొన్న పాత డిటెక్టర్ ప్రొపేన్‌ను గుర్తించకపోవచ్చు, పైగా కొన్ని రకాలు వాటంతట అవే నిప్పురవ్వ పుట్టిస్తాయి.

నిప్పు అనగానే వెల్డింగ్ సెట్ ఒక్కటే గుర్తొస్తుంది, కానీ ఇంట్లో నిప్పు చాలా చోట్ల ఉంటుంది. దేవుడి గదిలో దీపం, అగరుబత్తి, దోమల చుట్ట, పక్క గదిలో స్టవ్ మీద పాలు, ఫ్రిజ్ వెనక టక్కుమనే రిలే, గోడకున్న స్టెబిలైజర్. స్విచ్ వేసినా తీసినా లోపల చిన్న మెరుపు మెరుస్తుంది. లీకు అయిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని కంగారుగా ఫ్యాన్ స్విచ్ వేయడం, అదే చేయకూడనిది. ముందు కిటికీలు, తలుపులు తీయాలి, కరెంటును గదికి దూరంగా ఉన్న మెయిన్ దగ్గర ఆపాలి. ప్రొపేన్‌ని అంటించడానికి కావలసిన శక్తి ఎంత తక్కువంటే 0.25 మిల్లీజౌల్ చాలు. ఎండాకాలంలో గాలి పొడారిపోయినప్పుడు టెరిలిన్ చొక్కా విప్పితే చిటపటమంటుంది చూడండి, ఆ మెరుపు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. అనంతపురం వైపు ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ బాగా తక్కువ కాబట్టి ఇది మనకు ఇంకా దగ్గరి సంగతి. పనిలో దిగేముందు నూలు బట్టలు వేసుకోవడం, అవుట్‌డోర్ యూనిట్‌ను ముట్టుకునేముందు ఎర్తింగ్ ఉన్న ఇనుమును చేత్తో తాకడం చిన్న పనులే, కానీ ఖర్చు లేని పనులు.

"అవుట్‌డోర్ బయటే ఉంది కదా, గాలికి పోతుంది" అనే ధీమా అన్నిచోట్లా పనికిరాదు. పాతబస్తీలో రెండు ఇళ్ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉంటుంది. ఆ సందులో నాలుగు స్టాండ్ల మీద నాలుగు యూనిట్లు, కింద మురుగు కాలువ, నీళ్ల సంపు మీద సగం జరిపిన బండ, అటు ఇంటి వంటింటి కిటికీ ఇటే తెరుచుకుని ఉంటుంది. గాలి ఆడని ఆ చోట పిన్ వాల్వ్ నొక్కి గ్యాస్ వదిలితే అది ఎక్కడికీ పోదు, కాలువలోకి, సంపులోకి దిగుతుంది. ఆరుబయట అని పేరే గానీ, గ్యాస్ లెక్కకు అదొక గదే. అలాంటి చోట యూనిట్‌ను విప్పి మేడ మీదికి తీసుకుపోయి పని చేయడం నయం, విప్పేముందు అందులోని గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసుకున్నాకే.

ఇక పని చేసే వరుస. అసలు మార్పు రావలసింది ఇక్కడే, ఎందుకంటే ఆర్-22 కాలంలో చేతులకు పడిన అలవాటులో నిప్పు ముందు వచ్చేది. లీకు ఎక్కడో కనబడింది, గ్యాస్ వదిలేశారు, ఇంకా పైపులో కొంచెం మిగిలి ఉండగానే వెల్డింగ్ టార్చ్ వెలిగించి అతుకు కరిగించారు, పొగ ఘాటుగా వస్తే మొహం పక్కకు తిప్పుకున్నారు. (ఆ ఘాటు కూడా ఆరోగ్యానికి మంచిది కాదు, ఆర్-22 మంటలో విరిగితే ఫాస్జీన్ లాంటి విషవాయువులు వస్తాయి.) ఆర్-290 పైపు మీద అదే పని చేస్తే లోపలున్న గ్యాస్, నూనె కలిసి అతుకు ఊడిన క్షణంలో ఎదురుగా మంటై వస్తాయి. మొహం అక్కడే ఉంటుంది.

కొత్త వరుసలో నిప్పు అన్నిటికంటే చివర వస్తుంది. ముందు నేమ్‌ప్లేట్ చదవాలి: ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, పసుపు త్రికోణంలో మంట గుర్తు ఉందా. చుట్టూ కనీసం రెండు మూడు మీటర్ల మేర ఎవరూ రాకుండా చూసుకోవాలి, పిల్లల్ని, చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్లను కూడా. డ్రై పౌడర్ సిలిండర్ చేతికందేలా పెట్టుకోవాలి. గాలి ఆడేలా ఫ్యాన్‌ను నేల మీద పెట్టి, దాని ప్లగ్గు ఆ హద్దు బయట పెట్టి, గ్యాస్ తెరవకముందే తిప్పాలి. ఆ తర్వాతే గ్యాస్‌ను మండే గ్యాసులకు పనికొచ్చే రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి తీయాలి. తక్కువ చార్జ్ ఉన్న ఆర్-290 అయితే, తయారీదారు ఒప్పుకున్న చోట, పొడవాటి హోస్‌తో మేడ మీద ఆరుబయట, కాలువలకు, కిటికీలకు దూరంగా మెల్లగా వదలొచ్చు.

గేజ్ సున్నా చూపించగానే ఖాళీ అయిందనుకోవడం దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. కంప్రెసర్ నూనెలో ప్రొపేన్ బాగా కరిగి ఉంటుంది. సోడా సీసా మూత తీసి పెట్టినా చాలాసేపు బుడగలు వస్తూనే ఉంటాయి కదా, ఇదీ అంతే. అందుకని వాక్యూమ్ చేసి, అంటే పంపుతో లోపలిదంతా పీల్చేసి, పొడి నైట్రోజన్ ఎక్కించి, వదిలి, మళ్లీ వాక్యూమ్ చేసి, మళ్లీ నైట్రోజన్ పంపాలి. వాక్యూమ్ పంపు బయటికి వదిలే గాలిలో కూడా మండే గ్యాస్ ఉంటుంది, దాని మూతికి హోస్ తగిలించి దూరంగా పోనివ్వాలి, పంపును దాని మీదున్న బటన్‌తో కాకుండా దూరంగా ఉన్న ప్లగ్గు దగ్గరే వేయాలి, ఆపాలి. పైపు విడదీయాలంటే టార్చ్‌తో కరిగించకూడదు, ట్యూబ్ కట్టర్‌తో కోయాలి. కోసిన చోట డిటెక్టర్ పెట్టి, ఏమీ లేదని చూసుకుని, నైట్రోజన్ సన్నగా పారుతుండగా అప్పుడు వెల్డింగ్. ఈ మొత్తానికి అదనంగా పట్టేది అరగంటో ముప్పావుగంటో. సీజన్లో రోజుకు ఎనిమిది కంప్లైంట్లు చూసే కుర్రాడికి ఆ ముప్పావుగంట చాలా పెద్దది, నిజమే. కానీ ఆ టైమ్‌కు డబ్బు ఇవ్వాల్సింది కస్టమర్, దాన్ని బిల్లులో అడగడానికి మెకానిక్ మొహమాటపడకూడదు.

వెల్డింగ్ అయ్యాక లీకు టెస్ట్. ఇక్కడ గ్యాస్‌తో సంబంధం లేకుండా, ఏ ఏసీ అయినా సరే, ప్రాణం మీదికి తెచ్చే అలవాటు ఒకటుంది. నైట్రోజన్ సిలిండర్ తేలేదు, వెల్డింగ్ సెట్‌తో ఆక్సిజన్ సిలిండర్ మాత్రం పక్కనే ఉంది, ప్రెషర్ పెట్టడానికి అదే కలిపేస్తారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెను తాకితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, కంప్రెసర్ బాంబులా పేలుతుంది. ఆక్సిజన్ హోస్‌ను సిస్టమ్‌కు తగిలించడం ఏ పరిస్థితిలోనూ, ఒక్క నిమిషానికైనా వద్దు. నైట్రోజన్ అయినా రెగ్యులేటర్ లేకుండా నేరుగా వదలకూడదు, ఆ సిలిండర్లో ఒత్తిడి 2,000 పీఎస్‌ఐ దాకా ఉంటుంది.

దీనికి చుట్టం లాంటిదే పంప్ డౌన్‌లో జరిగే పేలుడు. ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పడానికి గ్యాస్ అంతా అవుట్‌డోర్‌లోకి లాగి వాల్వ్ మూస్తారు. పైపులో లీకు ఉంటే, లేదా కంప్రెసర్ ఇంకా తిరుగుతుండగానే పైపును బిగించే ఫ్లేర్ నట్ వదులు చేస్తే, కంప్రెసర్ గాలిని లోపలికి పీల్చేస్తుంది. గాలి, గ్యాస్, నూనె తుంపర కలిసి గట్టిగా నొక్కుకుంటే డీజిల్ ఇంజన్లో మంట పుట్టినట్టే పుడుతుంది. లీకు ఉందని అనుమానం ఉన్న ఏసీని పంప్ డౌన్ చేయకుండా రికవరీ మెషిన్‌తోనే తీయాలి, పైపు విప్పేముందు కంప్రెసర్ ఆగిందో లేదో చూడాలి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ దిగులు కలిగించే విషయం. పాత ఆర్-22 ఏసీలో ఆర్-290 నింపడం, ఇంకా దారుణంగా వంటగ్యాస్ నింపడం. ఇది పని చేస్తుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. ఆర్-290 ప్రెషర్లు ఆర్-22కి దగ్గరగా ఉంటాయి, నూనె సరిపోతుంది, ఇల్లు చల్లబడుతుంది, కరెంటు బిల్లు తగ్గిందని కూడా అంటారు. కానీ ఆర్-290 కోసం తయారైన ఏసీలో నిప్పురవ్వ వచ్చే రిలేలు, స్విచ్‌లు మూసేసి ఉంటాయి లేదా గ్యాస్ తగలని చోట ఉంటాయి, చార్జ్ వీలైనంత తక్కువగా ఉండేలా కాయిల్ సన్నగా చేస్తారు. పాత ఏసీలో అవేమీ లేవు. కాంటాక్టులు తెరుచుకుని ఉంటాయి, గదికి సరిపోతుందో లేదో ఎవరూ చూడని మోతాదులో గ్యాస్ పోస్తారు. వంటగ్యాస్ అయితే ప్రొపేన్, బ్యూటేన్ ఏ పాళ్లలో ఉందో తెలియదు, తేమ ఉంటుంది, వాసన కోసం కలిపిన గంధకపు మందు ఉంటుంది. అన్నిటికీ మించి నేమ్‌ప్లేట్ మీద ఇంకా ఆర్-22 అనే ఉంటుంది. మూడేళ్ల తర్వాత వేరే కుర్రాడు వస్తాడు, స్టిక్కర్ చదువుతాడు, పాత పద్ధతిలో టార్చ్ వెలిగిస్తాడు. అతని తప్పు ఏముంది? స్టిక్కర్‌ని నమ్మడమే అతను చేసింది. అందుకే ఏ పాత ఏసీ ముందు కూర్చున్నా, నేమ్‌ప్లేట్ ఏం చెప్పినా, ముందు డిటెక్టర్‌తో ఒకసారి చూడటం ఇప్పటి పరిస్థితుల్లో తప్పనిసరి.

ఆర్-32ది ఇంకో రకం ఇబ్బంది, అది మంట కంటే ముందు ప్రెషర్ దగ్గర మొదలవుతుంది. మన దగ్గర మేలో 43, 44 డిగ్రీలు మామూలు, సిమెంటు మేడ మీద పెట్టిన యూనిట్ చుట్టూ ఇంకా ఎక్కువ. గ్యాస్ 55 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంటే ఆర్-22 ప్రెషర్ 300 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది, ఆర్-32 అయితే 500 దగ్గరికి పోతుంది. ఆర్-22 కోసం కొన్న గేజ్, ఏళ్లుగా ఎండలో నలిగిన హోస్ దానికి తట్టుకోవు. ఆర్-32 మంటలో విరిగితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు, కళ్లకు, చర్మానికి చాలా చెడ్డది. ముక్కుకు ఘాటు తగిలిన వెంటనే పని వదిలి బయటికి రావాలి, ఒంటికి తగిలితే నీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి పోయి డాక్టరుకు ఏ గ్యాసో పేరుతో సహా చెప్పాలి.

ఎండలోనే ఇంకో మాట. సిలిండర్‌ను బండి ట్యాంకు మీద పడుకోబెట్టి ఊరంతా తిరగడం, మధ్యాహ్నం భోజనానికి పోతూ మూసిన ఆటోలోనో వ్యానులోనో వదిలేయడం రోజూ కనిపించేవే. సిలిండర్ 50 డిగ్రీలు దాటకూడదు. మూసిన బండిలో మన ఎండకు అది దాటడానికి ఎంతోసేపు పట్టదు. రికవరీ సిలిండర్‌ను 80 శాతానికి మించి నింపితే ద్రవం వ్యాకోచించడానికి చోటే ఉండదు. నిలువుగా కట్టాలి, గోనె తడిపి కప్పితే ఇంకా మంచిది, బస్సు లగేజీలో వేయడం మాత్రం వద్దే వద్దు.

ఫ్రిజ్‌ల విషయం తేలిక, అందులో ఆర్-600ఏ మామూలుగా కొన్ని పదుల గ్రాములే. కాకపోతే ఫ్రిజ్ ఉండేది స్టవ్ పక్కన. పైగా దాని లోప్రెషర్ వైపు తరచూ బయటి గాలి కంటే తక్కువ ఒత్తిడిలో నడుస్తుంది, ఆ వైపు లీకుంటే గ్యాస్ బయటికి రాకముందే గాలి లోపలికి పోతుంది. వంటింట్లో విప్పకుండా వసారాలోకి తెచ్చి చేయడం ఒక్కటి పాటించినా సగం ప్రమాదం తగ్గుతుంది.

గ్యాస్ నింపేటప్పుడు ఇక కంటితో, గేజ్‌తో, పైపు మీద చేయి పెట్టి చల్లదనం చూసి అంచనా వేసే రోజులు పోయాయి. 300 గ్రాముల చార్జ్‌లో 50 గ్రాములు అటూ ఇటూ అయితే ఏసీ సరిగ్గా పని చేయదు, గది లెక్క కూడా తప్పుతుంది. డిజిటల్ కాటా మీద సిలిండర్ పెట్టి గ్రాముల్లో పోయాలి. "కొంచెం తగ్గింది, పై నుంచి కొట్టేద్దాం" అన్న మాటకు కూడా ఇందులో చోటు లేదు. ఏసీ గ్యాస్ వాడితే అరిగేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం, కారే చోటు మూయకుండా మళ్లీ నింపడమంటే ఆ ఇంటివాళ్ల పడకగదిలోకి మెల్లగా మండే గ్యాస్ వదలడమే.

దేశం మొత్తం మీద లక్షమంది ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని 2019లో కేంద్రం తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష్యం పెట్టుకున్నారు. అలాంటి క్లాసు దొరికినప్పుడు రెండు రోజుల సంపాదన పోయినా పోయి రావాలి, షాపు ఓనరు ఆ రెండు రోజుల కూలి ఇచ్చి మరీ పంపాలి. ఎందుకంటే ఈ పనిలో చాలామంది పదో తరగతి అయ్యాక అన్న వెనక స్పానర్లు మోస్తూ నేర్చుకున్నవాళ్లు, "అన్నా, ఇన్నాళ్లూ ఇట్లనే చేసినాం కదా" అని వాళ్లు అడిగితే అందులో అబద్ధం లేదు. ఇన్నాళ్లూ చేసింది ఆర్-22 మీద, అంతే.

ఇంటివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. ఫోన్ చేసేముందు యూనిట్ పక్కన అతికించిన స్టిక్కర్‌ను ఫోటో తీసి మెకానిక్‌కు వాట్సాప్ చేస్తే, ఏ సామాను తెచ్చుకోవాలో అతనికి ముందే తెలుస్తుంది. అతను కిటికీలు తీయమంటే చల్లగాలి పోతుందని విసుక్కోకుండా తీయాలి, దీపం కొండెక్కించమంటే కొండెక్కించాలి. పని అయ్యాక ఆ రోజు తేదీ, పోసిన గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములన్నది చెరగని మార్కర్‌తో అవుట్‌డోర్ మూత లోపలివైపు రాయమని అడగాలి. తర్వాత ఆ మూత విప్పే మనిషి ఎవరైనా కానీ, టార్చ్ బయటికి తీసేముందు అతని కళ్లబడేది అదే.